మూర

కె.ఆర్. మార్కెట్ మెట్ల మీద జారితే
విరిగింది మణికట్టే.
కట్టు బిగిసిందని మూడు రాత్రులు మొత్తుకున్నా.
"అట్లే ఉంటుందమ్మా" అంది నర్సు.
వేళ్ళు నేరేడు రంగు తిరిగాక
మోచేతి కిందికి తీసేశారు.

శాంతినగర్ కమిషన్‌లో ఇది నాలుగో వాయిదా.
నెలకెంత వస్తుంది, రసీదులున్నాయా
అంటాడు ఆస్పత్రి లాయరు.
కనకాంబరాలకు రసీదెవరిస్తారు సామీ,
మాపటికి వాడే సరుకు.

నష్టం అంకెల్లో రాయాలంట, అక్షరాల్లోనూ.
మా వకీలు రుక్సానా పెన్ను తెరిచి
నా దిక్కు చూసింది.
పైట కింద, లేని వేళ్ళు దురద పెట్టాయి.

ముప్పై ఏళ్ళు ఈ ఊరికి
మోచేతి నుంచి వేలి కొస దాకా
కొలిచిచ్చిన చెయ్యి.
తక్కువని ఒక్కరూ అనలేదు.

"ఒక మూర" అన్నాను.
ఆమె రాయలేదు.
మళ్ళీ పదిహేడున రమ్మన్నారు.