చిటికి తప్పిన చోటు

పుట్టపాకల మా మగ్గంగుంత అంచున కూసొని
సబీహా మేడం కాయితం మీద గీసింది:
మగోళ్లు డబ్బాలు, ఆడోళ్లు సున్నలు.
రేచీకటోళ్లను నల్లగ నింపింది.

"ఇంకెవరు?" అంటే మా బుచ్చవ్వ
సచ్చినోళ్లను గూడ పేరు వెట్టి పిలిచింది.
రాత్రి బాయిల పడ్డ పెదమామను గూడ.

పద్దెనిమిది సీసాల నెత్తురు పట్నం పోయింది.

ఏడాదికి ఫోనొచ్చింది.
జబ్బున్నోళ్లందరి వెంబడి వస్తూ
లేనోళ్లలో లేని
చిన్న ముక్క దొరికిందట.
అండ్ల ఒక్క అక్షరం మారిందట.

నాకు తెలుసు ఆ ఎతుకుడు.
రంగుల ముంచకముందు ఒక్క చిటికి జారితే
నేసిన ప్రతి రుమాలుల అదే పువ్వు చెదురుతది.
చెదిరినయన్నీ పక్కపక్కన పరిచి
ఎనకకు పోవాలె, కట్టు దాకా.

"విప్పి మళ్ల కట్టొచ్చా?" అన్న.
మేడం శానసేపు మాట్లాడలే.

అప్పుడే కరెంటు పోయింది.
లోపలి నుంచి నా బిడ్డ
గోడ వట్టుకొని వచ్చింది.