మబ్బు చిట్టా

ఐసు పెట్టె దింపుతుంటే
జెట్టీ కింద బుడుంగుమంది ఫోను.
మూడేళ్ళ బాకీలు అందులోనే.
ఎవరికెన్ని బుట్టల కవళ్ళు,
సగమిచ్చి మిగతాది రేపన్నదెవరు,
డీజిలుకెంత.

జగదాంబ కాడ షాపు కుర్రోడు
"క్లౌడ్‌లో ఉంటాయి ఆంటీ" అని
మబ్బులకేసి సూపించినాడు.
పాస్‌వర్డ్ మా పడవ పేరు.
సెవిలో సెప్పినాను.

సున్నా తిరిగింది, తిరిగింది.
బయట వాన.
ఒక్కోటీ వొచ్చీసినాయి:
నూకాలు అయిదొందలు,
ఎర్రాజీ పన్నెండు వేలు.

ఎర్రాజీది కొట్టీసినాను కదా!
డాల్ఫిన్ కొండ కాడ ఆడి పడవ పగిలిన మర్నాడు,
ఆడి కళ్ళ ముందరే,
"పోన్లే" అని ఏలితో సెరిపీసినాను.
మబ్బుకి ఆ సంగతి తెలీదు.
అది దాసుకున్నది ఆ ముందు ఆదివారం.

"అన్నీ వొచ్చినాయా?"
"ఒకటి ఎక్కువొచ్చింది బాబూ."

ఆటోలో పాతపోస్టాఫీసు దాకా
ఆ అంకెకేసే సూస్తా కూకున్నాను.
పిల్లదాని ఫీజు సరిగ్గా పదకొండు వేల ఎనిమిదొందలు.
అడిగితే ఇచ్చీగలడు కూడా,
ఎర్రాజీ మాటకి ఎదురు సెప్పే మనిషి కాడు.

దిగేముందు మళ్ళీ సెరిపీసినాను.
మొదటిసారంత తేలిగ్గా
కదల్లేదు ఏలు.