తంబాకు డబ్బీల ప వత్తు

లెక్కల సారు భీమాశంకర్ పుస్తకంల
స్పర్శరేఖ ఒక్కనాడు సక్కగ రాలే.
స ఒక పక్కకు, ప ఒక పక్కకు జరిగి నిలబడ్తయి.
తాకుడు గురించే పాఠం,
అక్షరాలే తాకయి.

సిస్టంతోని వచ్చే మూట ఉన్నది, కాదనను.
ఒక్క వరుస కొడితే దిగుతది
రేషన్ బియ్యం లెక్క.
తింటం గని, మూడేండ్ల పాతది.
కొత్తది గావాలంటే బయటికెల్లి తెచ్చుకోవాలె.

తెచ్చుకుంటున్న.
నారాయణపేట చౌకు కాడ, మేడమీది గదిల,
ఫోన్‌కెల్లి నెట్టు దీసి,
సుడో లేకుండ, ఎవల జాగ ముట్టకుండ,
నా పేరు మీది ఫోల్డర్లనే.
నాలుగువేల చిల్లర ప్యాకేజీలు
ఒక్కొక్కటి పేరు చెప్పుకుంట దిగుతున్నయి.
పన్నెండువందలు దాటినంక కరెంటు బోయింది.
ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎన్నడో సచ్చింది.

చీకట్ల మౌలాలి సాబ్ దగ్గిండు.
ముప్పయ్యేండ్లు సీసం అక్షరాలు పేర్చిన మనిషి,
ఇప్పుడు నా కాడికి చాయ్ దాగనీకె వస్తడు.
"మాక్కూడ గంతే బేటా.
ఫౌండ్రీకెల్లి ప వత్తులు ఎన్నడు సాలినన్ని రాలే.
సేటు కేసుల కలపకుండ
నావి నేను కొనుక్కొని
తంబాకు డబ్బీల వెట్టుకున్న."
సేటుకు తెల్సా అనడిగిన.
"తెల్వకేంది. పత్రిక బాగొస్తె మాట్లాడకపోవు."

కరెంటొచ్చింది. మళ్ల మొదటికెల్లి కాదు,
ఇడిచిన కాడికెల్లే పట్టుకున్నది, నయం.
రాత్రి తొమ్మిదిన్నరకు
అంతా అయిందన్నది.
పేరు పెట్టి పిలిస్తె మాత్రం
కమాండ్ నాట్ ఫౌండ్.

ఇంట్లనే ఉన్నది, పలుకదు.
సాబ్ నవ్విండు.
"అచ్చు కేసుల ఉంటె సాల్తదా,
చేతికి దారి తెల్వాలె గద."
ప్రొఫైల్ ఫైలు తెరిచి
దారి ఒక్క వరుస రాసిన,
పాతదానికంటె ముందు కొత్తదాన్నే చూడుమని.

ఇగ దీని మంచీచెడ్డా నాదే.
అప్‌డేట్ యాదిమరిస్తె గుర్తుజేసేటోళ్లు లేరు,
ఏడాదికోసారి మొత్తం మళ్ల దింపుకోవాలె.

ప్రింటరు కాయితం కక్కింది.
మౌలాలి సాబ్ దాన్ని తలకిందులు పట్టుకొని,
వేలు జరుపుకుంట జరుపుకుంట
స్పర్శరేఖ కాడ ఆగిండు.
పాత అలవాటు.
ప వత్తును గోటితోని గీకి చూసిండు,
ఊడుతదేమోనని.