కోడ్ తొంభైతొమ్మిది

రాత్రంతా లాగ్రాంజ్ గుణకంతో కుస్తీ పట్టి
మూడున్నరకి హాస్టల్ వాచ్‌మన్‌ని బతిమాలి
షేర్ ఆటోలో ఫిషింగ్ హార్బర్‌కి వచ్చాను.
చేతిలో ఇరవై రెండు పేజీల ప్రశ్నావళి,
ఒక పెన్ను, అది రాయకపోతే ఇంకోటి.

జెట్టీ మీద వేలం అప్పటికే వేడెక్కింది.
వంజరం గుట్ట చుట్టూ గంపలతో ఆడవాళ్లు.
పాటగాడి నోట ధర పూర్తిగా వినపడేలోగా
ఇంకో ధర.
మా పుస్తకంలో కనిపించని చెయ్యి ఒకటుంది,
దానికి పొలుసులు అంటుకుని ఉంటాయని ఎవరూ రాయలేదు.

గరికిన పైడితల్లి గంప పక్కన గొంతుక్కూర్చుని
మొదలెట్టాను.
"ఐసుకెంత?"
"ఎండని బట్టి."
"అప్పుకి వడ్డీ?"
"వడ్డీ నేదు పాపా. సరుకు ఆడికాడే కొనాల. అంతే."

ఆ 'అంతే'కి మా సిలబస్‌లో
ముప్పై పేజీల అధ్యాయం ఉంది.
వడ్డీ సున్నా అని రాసి, కొట్టేసి,
మార్జిన్‌లో ఏదో గిలికాను.

పదిహేడో ప్రశ్న.
నెలకి ఇంకో వెయ్యి వస్తే దేనికి వాడతావు?
తిండి ఒకటి, బట్టలు రెండు, చదువు మూడు, అప్పు నాలుగు,
జవాబులన్నీ ముందే అచ్చేసుకొచ్చాను.
ఐసు సర్దుతున్న చెయ్యి ఆగింది.
"ఎయ్యా?
ఓ పూట తొంగుంటాను.
పెళ్లయినకాణ్ణించి తెల్లారినాక లెగిసింది నేదు."

నిద్రకి కోడ్ లేదు.
ఇతరములు, తొంభైతొమ్మిది.

లేస్తూ ఓ చెయ్యెయ్యమంది.
గంప నేల వదిలి తలకెక్కేదాకా
బరువు మా ఇద్దరిదీ.
ఆ తర్వాత ఆమెది,
పెదవాల్తేరు మెట్ల మీదుగా
మెడ వెనక ఐసునీళ్లు కారుతుండగా.

డేటా చూసి గైడు గారు
"తొంభైతొమ్మిదులు తీసెయ్యమ్మా, రిగ్రెషన్ శుభ్రంగా వస్తుంది" అన్నారు.
తీసేశాను. వచ్చింది.
అంకెల పక్కన నక్షత్రాలు కూడా, మూడేసి.

సెమిస్టర్ పరీక్షలో శ్రమ సప్లై రేఖ.
కూలి పెరిగేకొద్దీ కుడికి పోయి పోయి
ఒకచోట వెనక్కి తిరిగే గీత.
కళ్లు మూసుకుని గీసేసేదాన్ని ఇన్నాళ్లూ.
ఇవాళ మలుపు దగ్గర పెన్ను ఆగింది.
ఎంత దగ్గర తిరగాలి?
అంకె వెయ్యమని ప్రశ్నలో లేదు.
అయినా నిలువు గీత పక్కన చిన్నగా వేశాను:
వెయ్యి.

పక్క బెంచీ ఝాన్సీలక్ష్మి స్కేలు అడిగింది.
ఇచ్చాను.