కొసరు

లీక్ ఊళ్ళో పట్టుమిల్లు మూసేసిన ఏడు
హిలరీ టనిక్లిఫ్ ఆఖరి నెల జీతం కింద
మూడు గోనెల గుండీలు ఇంటికి మోసుకెళ్ళిందట.
నేను చూడలేదు. అప్పటికింకా
ఈ పోస్టాఫీసు కౌంటరు వెనక్కి రాలేదు.
నాకు తెలిసినవి ఆమె మంగళవారాలు:
వానకి బరువెక్కిన ఆకుపచ్చ కోటు,
చక్రాల సంచీలో నలభై కవర్లు,
ప్రతిదీ ఇంట్లోనే తూచుకొచ్చినట్టు
నూరు గ్రాముల గీతకి ఒక్క గ్రాము ఇవతల.

"కొమ్ము గుండీలు ఆరు, ఒకటి కొసరు,"
నేనడక్కుండానే చెప్పేది.
"ముత్యపుచిప్పవి నాలుగు, ఒకటి కొసరు."
కొసరెందుకమ్మా అంటే
"గుండీ అన్నాక ఊడదా ఏమిటి?"

వేలంపాట ఆమె వంటింటి బల్ల మీద
రాత్రి తొమ్మిదింటికి ముగిసేది.
తొంభై తొమ్మిది పెన్నీల దగ్గర మొదలై
చాలాసార్లు అక్కడే కూలబడేది.
ఎప్పుడో ఓస్లోలో ఒకరూ ఒసాకాలో ఒకరూ
చివరి పది సెకన్లలో
ఒక గాజు గుండీ కోసం కొట్టుకునే రాత్రి
ఆమె టీ చల్లారిపోయేది.

తర్వాత ఆ కబురొచ్చింది.
"మీకు మరింత మేలు చేసేందుకు" అని మొదలైంది.
మేలుతో మొదలైనవి
శాతంతో ముగుస్తాయి.

బుధవారం సంతలో ఆశీలు వసూలు చేసేవాడికి
ఒక మొహం ఉంటుంది.
వాడితో పోట్లాడొచ్చు,
పిల్లాడికి జ్వరం తగ్గిందా అనొచ్చు,
చలిలో ఓ బిస్కెట్టు చేతిలో పెట్టొచ్చు.
దీనికి మొహం లేదు.
చోటుకింత, అమ్మితే ఇంత,
అమ్ముడుపోకపోయినా ఇంత,
ఆఖరికి తపాలా ఖర్చులోనూ ఇంత.
"స్టాంపు డబ్బు నీకిస్తున్నాను కదా, మెర్విన్,
అందులో వాళ్ళకి వాటా ఏమిటి?"
నేను ముద్ర కొట్టాను.
నా దగ్గరున్న జవాబు ఆ చప్పుడే.

కవరు వెనక లెక్క వేసి చూపించింది.
తొంభై తొమ్మిదిలో మిగిలేది పదకొండు.
ఆ పదకొండులోంచే కవరు, టేపు,
బస్సెక్కని రోజుల నడక.
"ధర పెంచి చూడు," అన్నాను తెలివైనవాడిలా.
పెంచింది. ఓస్లో వెళ్ళిపోయింది.
డజన్లు కట్టి అమ్మింది.
ఒక్కటే కావలసినవాళ్ళు వెళ్ళిపోయారు,
గుండీలు కొనేది ఎక్కువగా వాళ్ళే.
నలభై కవర్లు పదిహేడయ్యాయి. తొమ్మిదయ్యాయి.
గోరుచుట్టు మీద రోకటిపోటు:
పార్సిళ్ళు తగ్గాయని నన్నూ
వారానికి మూడు రోజులకి కుదించారు.

ఆ తొమ్మిదీ తూకంలో రవ్వంత తేలిక.
కొసరు పోయింది.
ఆమె చెప్పలేదు, నేనడగలేదు.
కాటా దాచుకోలేకపోయింది.

జనవరిలో ఒక మంగళవారం
ఒకే ఒక్క కవరుతో వచ్చింది.
ట్రోమ్సో చిరునామా.
"ఏమమ్మావు?"
"అమ్మలేదు. ఎవరో రాశాడు.
వాళ్ళ నాన్న కోటుకి నీలం గుండీ ఊడిందట,
అప్పుడెప్పుడో నా దగ్గర కొన్నదే.
ఇంకోటి ఉందా అన్నాడు."
"ఎంతకిస్తున్నావు?"
కళ్ళజోడు పైనుంచి చూసింది నన్ను.
"సున్నాలో వాళ్ళ వాటా ఎంతవుతుందో
నువ్వే చెప్పు."

కవరు కాటా మీద పెట్టాను.
గుండీ ఒకటే అంది కదా,
బరువు కాస్త ఎక్కువుంది.
వేలితో మెల్లగా తడిమాను.
కాగితం కింద, పక్కపక్కనే,
రెండు.