మొదటి మూడు ట్రేలు

సల్వాలో ఆరో బ్లాకు. పాలరాతి మెట్లు.
బూట్లు విడిచి, సాక్సు చిల్లులోంచి తొంగిచూసే
బొటనవేలు ముడుచుకుంట వంటింట్లకు పోయిన.
నాకంటే జానెడు పొడుగు ఫ్రిజ్జు, రెండు తలుపులది.
చలి బాగనే ఉన్నది, నీళ్లూ వస్తున్నయి.
మంచు ముక్కలే పడుతలేవు.

"ఖర్బాన్," అన్నది మామా.
ఆ వెంటనే, "మిను?" అన్నది.
ఎందుకు పాడైందని కాదు,
ఎవరు అని.

సింకు దగ్గర గిన్నె తోముతున్న చెయ్యి ఆగింది.
నల్లా మాత్రం ఆగలేదు.

జాబిర్ భాయ్ ధరలు నాకు ఎక్కాల లెక్క నోటికొచ్చు.
గడప తొక్కితే ఐదు దీనార్లు, విప్పినా విప్పకున్నా.
వాల్వయితే పన్నెండు. మోటరైతే ఇరవై ఎనిమిది.
డబ్బా మొత్తం మారిస్తే ఎనభై ఐదు.
"ఎప్పుడైనా డబ్బానే చెప్పు," అంటడు.
"రిపేరు చేసేటోడు బస్సుల తిరుగుతడు,
మార్చేటోడు కారు కొంటడు."
ఆయనకు కారున్నది.

ఫోను మోగితే మామా హాల్లోకి పోయింది.
అప్పుడు సింకు దిక్కు నుంచి తెలుగు,
మెల్లగ, చిట్వేలు యాసల:
"ఎంతయితాదన్నా?"
చెప్పిన.
"నా జీతం నూటా పది," అన్నది.
అంతే. ఏడ్వలేదు.
తోమిన గిన్నెనే మళ్లా తోమింది.
పేరడిగితే ఓబులమ్మ.

నాలుగు స్క్రూలు, ఒక ప్లగ్గు. డబ్బా చేతికొచ్చింది.
ముక్కల్ని తోసే ప్లాస్టిక్ వేళ్ల నడుమ
ఒక కరివేపాకు రెమ్మ,
పుల్లతో సహా గడ్డకట్టి
ఇంకా పచ్చగనే ఉన్నది.
కింది అరలన్నీ గొర్రె మాంసానివి, హమూర్ చేపవి,
పిల్లల ఐస్‌క్రీములవి.
ఆమె చిన్న కవరుకు దొరికిన జాగా
ఆ డబ్బా మీది సందే.
పుల్ల అడ్డం పడితే వేళ్లు తిరగలేదు.
మోటరు ఊకుంటదా, గుంజింది.
ఐదు ఫిల్సుల నాణెమంత పళ్లచక్రం
మూడు పళ్లు రాల్చుకున్నది.

చెప్పుల చప్పుడు దగ్గరికొచ్చింది.
రెమ్మను అంగీ జేబుల వేసుకున్న.

"మిను?"
"మాయ్," అన్న. "మాయ్ మూ జైన్."
ఇక్కడి నీళ్లల్ల సున్నం అంత ఉండదని నాకు తెలుసు.
అయినా నీళ్ల జీతం ఎవరు కోస్తరు?
సముద్రమంత ఉప్పు మోసి, దించుకొని వచ్చినయి,
ఈ ఒక్క మాట మొయ్యలేవా.

నా పెట్టెల ఒక చక్రమున్నది.
షువైఖ్ తుక్కు కుప్పల తలుపు లేని ఫ్రిజ్జు నుంచి
మూడేండ్ల కింద ఊడబెరికింది.
ఒక పన్ను అరిగింది, కడమవి గట్టియి.
దానికి రసీదు లేదు కాబట్టి ధరా లేదు.
ఎన్నాళ్లుంటదో చెప్పలేను. ఏడాది, ఆర్నెల్లు.
మళ్లా పాడైతే వచ్చేది నేనేనా, ఇంకొకడా,
వాని జేబు ఎట్లాంటిదో.

బిల్లుల రాసిన: సర్వీసు, ఐదు. కారణం, నీళ్లు.
జాబిర్ భాయ్‌కి ఏం చెప్పాలెనో
వ్యాను ఎక్కినంక ఆలోచిద్దామనుకున్న.
ఇప్పటికీ ఆలోచిస్తనే ఉన్న.

"మొదటి మూడు ట్రేలు తినొద్దు, పారబొయ్యాలె.
గ్రీజు వాసనుంటది."
ఆమెకు తెలుగుల చెప్పిన, మామాకు వచ్చీరాని అరబ్బీల.

పక్క వీధిల ఏసీ చూసి తిరిగొచ్చేసరికి
ఐదు దాటింది. ఆగస్టు.
గోడలు ఇంకా పెనాలే.
జేబుల రెమ్మ మెత్తబడి నల్లగైంది,
వాసన మాత్రం వ్యానంతా.
ఆ ఇంటి పక్క గేటు జానెడు తెరిచి ఉన్నది.
ఒక చెయ్యి, గాజుల్లేని చెయ్యి,
కవరునిండ మంచు బయటికి చాపింది.
కార్లు కడిగే ముసలాయన అందుకొని
కాలరెనక పెట్టుకొని
కండ్లు మూసుకున్నడు.

పారబోసిందనే అనుకోవాలె.