చిక్కు తీసుకొని రా

ఆదివారం పదింటికి రమ్మన్నది అచియెంగ్.
టోలిచౌకి, పారామౌంట్ కాలనీ, మూడో అంతస్తు,
లిఫ్టు లేదు, చెప్పులు బయట.
వాయిస్ మెసేజ్‌ల ఆమె హిందీ, నా హిందీ
కుంటుకుంట ఒకదాన్నొకటి పట్టుకొని నడిచినయి:
తలస్నానం చేసి రా. నూనె పెట్టకు.
చిక్కు తీసుకొని రా.
కడుపునిండ తిని రా, అయిదు గంటలు కూసోవాలె.

అయిదు గంటలా, అన్నది అమ్మ,
బియ్యం చాటలకెల్లి తల ఎత్తకుండ.
పెళ్ళిజడకు గూడ గంట పట్టలే నాకు,
పూలతోటి కలిపి.

పద్నాలుగు నెలలైంది
ఎంటికలు సాపు చేసే మందు నేను మానేసి.
అద్దం ముందు నిలవడితే నెత్తి మీద ఇద్దరున్నరు.
చెవుల దాక ఒకతి, ఉంగరాలు ఉంగరాలుగ,
ఎవరి మాటా వినదు.
చెవుల కింద ఇంకొకతి,
పంజాగుట్ట ఆస్పత్రి రిసెప్షన్‌ల ఆరేండ్లు
"టోకెన్ తీసుకోండి" అన్నది,
ఇస్త్రీ చేసిన మనిషి.
ఇద్దరు కలిసేచోట ఎంటిక సన్నబడి
దువ్వెన తాకితే తెగుతది.
అక్కణ్ణే తెగుతది, ఎప్పుడూ.

బడిల నాకు మూడు పేర్లుండె.
కాకిగూడు ఒకటి. మిగిలినయి చెప్ప.
సరోజన టీచరు రెండు జడలు గుంజి రిబ్బన్లు కడితే
కనుబొమ్మలు గూడ పైకి లేచేటియి.
"నీ జుట్టు ఒకళ్ళ చేతికియ్యకే" అనేది నాయనమ్మ.
ఆమె అన్నది అప్పుల గురించి.
నాకు దువ్వెన గురించే అర్థమైంది.

మొదటి ఇంటర్వ్యూకు ముందు అమ్మనే చీటీ ఎత్తి
పార్లరుల నాలుగున్నర వేలు కట్టింది.
నా నెత్తి మీదికెల్లి పొగ లేస్తుంటే
ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని
"మనిషి తీరు అయినవ్ బిడ్డా" అన్నది.
సంతోషంతోనే అన్నది. అదే కష్టం.

పోయిన నెల మా బోరబండ గల్లీకి
ఎంటికలకు స్టీలు గిన్నెలిచ్చే ఆమె వచ్చింది.
అమ్మ కవర్ల దాచిన నా రాలు ఎంటికల ఉండ
ఎండకు పట్టి చూసి
"కాలినయి తీసుకోనమ్మా" అన్నది.
ఉంగరాలయి తీసుకుంటవా అంటే నవ్వింది.
ఒక చెంచ గూడ రాలే.

శనివారం రాత్రి.
కుంకుడుకాయ నురగకు కండ్లు ఇంక మండుతున్నయి.
టవల్ వద్దన్నది అచియెంగ్, పాత బనీను చుట్టుకున్న.
సంచిల సర్దిన: పండ్లు ఎడంగున్న దువ్వెన,
నీళ్ళ సీసా, రెండు అరటిపండ్లు,
ఆమెకొక సర్వపిండి, కారం తక్కువేసి.
పైసలు విడిగ మడిచిన.
కలిపి అల్లే జుట్టు తనే తెస్తదట, నల్లటిది, రెండు కట్టలు.
సవరమన్నట్టు, అన్న అమ్మతోటి.
సవరం అనంగనే అమ్మ మొఖం కొద్దిగ ఇప్పారింది.
"ఆ పిల్ల పేరేందంటివి?"
అచియెంగ్. పట్టపగలు పుట్టినోళ్ళకు పెడతరట వాళ్ళ దిక్కు.
"నువ్వు గూడ పగలే పుట్టినవ్.
కరెంటు లేకుండె. గాంధీల విసనకర్ర కొన్న."

నొప్పికి భయం లేదు నాకు.
ఆమె చెయ్యి పెట్టంగనే
"ఎవరు చేసిన్రు దీన్నిట్ల?" అని అడుగుతదేమో,
ఏ భాషల చెప్పాలె.

వెనక చిక్కు నాకు అందుతలేదు, రెక్క గుంజింది.
అమ్మ చాట పక్కన పెట్టి వచ్చి కూసున్నది.
ఎప్పటి లెక్క నడినెత్తికెల్లి మొదలువెట్టబోయి
ఆగింది.
"ఏడికెల్లి?"
ముప్పై ఏండ్లల మొదటిసారి అడిగింది.
కొసలకెల్లి, అన్న.

కొసలకెల్లి వచ్చింది, వేళ్ళతోటి.
తెగే చోటు కాడ ఊపిరి బిగవట్టి దాటింది.
ఆ పైన ఒక ఉంగరం పట్టుకొని లాగింది.
మెడ దాక సాగింది.
విడిస్తే చెవి దగ్గరికి ఎగిరిపోయింది.

ఏమనలే.
మళ్ళొకసారి లాగింది.